మెత్తటి పొట్ట

రాయలవారు ఆముక్తమాల్యద కథ నడిపిన విల్లిపుత్తూరు మా మంసాపురానికి పక్కనే. ఇక్కడ వీధిలో తమిళం, బడిలో తమిళం, డాక్టరు చీటీలో ఇంగ్లీషు. ఎనభై దాటిన అవ్వ మాత్రం తన కడుపు గురించి తెలుగులోనే చెప్పుకుంటుంది. అందుకే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు స్టెతస్కోపు తీయకముందే కాసేపు మాట కలుపుతాను. ఈ అలవాటు ఒక అవ్వ దగ్గర తప్పు చేశాక వచ్చింది.

"రెండ్రోజులుగా తినట్లేదు, పడుకునే ఉంటోంది" అన్నాడు కొడుకు. జ్వరం లేదు. పొట్ట మెత్తగా ఉంది. ఎడమవైపు కింద నొక్కితే కళ్ళు మూసుకుంది. "కొంచెం పట్టినట్టుంది, అంతే నాయనా" అంది. గ్యాస్ అనుకుని మందిచ్చి వచ్చేశాను. మర్నాడు రాత్రికి ఆమె కొడుకును ఎప్పుడో పోయిన తన తమ్ముడి పేరుతో పిలుస్తోంది. సీటీ స్కాన్‌లో తెలిసింది: పెద్దపేగుకున్న చిన్న సంచి ఒకటి వాచి, చిల్లుపడి, పక్కన చీము గడ్డ కట్టింది.

రక్తనాళాలు పేగు గోడలోకి దూరేచోట కండరం బలహీనంగా ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ అక్కడ లోపలి పొర బయటికి ఉబ్బి సంచిలా మారుతుంది. చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి అది వాస్తుంది. మన ఆసియా వాళ్ళలో కుడివైపు రావడమూ ఎక్కువే, అప్పుడు అపెండిక్స్ అని పొరబడతాం. పడుచువాళ్ళకైతే జ్వరం కాస్తుంది, పొట్ట చెక్కలా బిగుస్తుంది. ముసలి ఒంట్లో కండ పలచబడి ఉంటుంది, తెల్లకణాలు పెరగకపోవచ్చు, జ్వరం రాకపోవచ్చు. తిండి మానడం, మాట తడబడడం తప్ప ఇంకేమీ కనబడకపోవచ్చు. మెత్తగా ఉంది కదా, భయం లేదనుకున్నాను నేను.

ఆ అవ్వ దిండు కింద మోకాళ్ళ నొప్పి మాత్రల అట్ట దొరికింది. మందుల షాపులో అడిగి కొనుక్కుని రోజూ వేసుకుంటోందట. ఏం మందులు వాడుతున్నారని అడిగితే కొడుకు బీపీ మాత్ర ఒక్కటే చెప్పాడు. ఈ నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు సంచి చిల్లుపడే ముప్పును పెంచుతాయి, పైగా నొప్పిని కప్పేస్తాయి. ఇప్పుడు నేను మందుల పేర్లు అడగను. దిండు కింద, పెట్టెలో, కొంగుముడిలో ఉన్నవన్నీ చూపించమంటాను.

సిగ్గుపడే సంగతులూ నేనే అడగాలి. సంచి మీద సాగిన రక్తనాళం తెగితే నొప్పి లేకుండానే ఒక్కసారిగా మలంలో రక్తం పడుతుంది. చాలాసార్లు దానంతటదే ఆగుతుంది. దాంతో మూలశంక అనుకుని దాచేస్తారు. గుండెకు రక్తం పలచబరిచే మాత్ర వేసుకునేవాళ్ళు అలా ఇంట్లో కూర్చోకూడదు, ఆ మాత్రను సొంతంగా ఆపనూ కూడదు. మూత్రంలో గాలి బుడగలు వస్తున్నాయా అనీ అడుగుతాను. పేగు మూత్రాశయానికి అతుక్కుని దారి పడితే అలా వస్తుంది. ఆడవాళ్ళకు మధ్యలో గర్భసంచి అడ్డుంటుంది కాబట్టి తక్కువ. అది తీసేసిన వాళ్ళకు ఆ అడ్డు ఉండదు.

అవ్వకు గొట్టం వేసి చీము తీశారు. పేగు కోసి పొట్ట మీద మలం పట్టే సంచి పెట్టాల్సిన పని పడలేదు. 1921లో సర్జన్ హార్ట్‌మన్ చెప్పిన ఆ ఆపరేషన్ ఎందరి ప్రాణాలనో కాపాడింది. కానీ ఈ వయసులో చాలామందికి ఆ పేగును మళ్ళీ కలపడం కుదరక, ఆ మలం సంచి చివరిదాకా ఉండిపోతుంది.

ఇంటికొచ్చాక కోడలు జామపండు మాన్పించింది, గింజలు ఇరుక్కుంటాయని. 2008లో అమెరికాలో 47 వేల పైచిలుకు మగవాళ్ళ మీద వచ్చిన అధ్యయనంలో పప్పుగింజలు తిన్నవాళ్ళకు ఈ సంచి వాపు ఎక్కువేమీ రాలేదు. మెత్తగా పండిన జామపండు పెట్టమన్నాను.

పోయిన వారం వెళ్ళాను. అవ్వ పొట్ట మెత్తగానే ఉంది. ఈసారి నేను వెంటనే లేవలేదు. దిండు కింద చెయ్యి పెడితే అట్ట తగిలింది. సగం మాత్రలు వాడేసి ఉన్నాయి. "మోకాళ్ళు ఒప్పుకోవు నాయనా" అంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎప్పుడెప్పుడు నొప్పి వస్తోందో మొదట్నుంచి చెప్పమన్నాను.