తెర మీది కవాటము

కర్మాగారపు అదుపు గదిలోని కంప్యూటరుకూ, బ్యాంకు గుమాస్తా బల్లమీది కంప్యూటరుకూ తేడా ఏమిటి? లోపల చూస్తే పెద్ద తేడా లేదు. అదే రకపు ప్రాసెసరు, చాలాచోట్ల అదే విండోస్. దుమ్ముకూ వేడికీ ఆగేటట్లు పెట్టె కాస్త గట్టిగా ఉండవచ్చును. అందుచేత "ఇది ఫ్యాక్టరీలో పెట్టిన మామూలు కంప్యూటరే గదా" అనేవారున్నారు. పరికరము వరకు వారి మాట నిజమే. పని సంగతి వేరు.

గుమాస్తా ఉత్తరము టైపు చేస్తే తెరమీద కనబడేది ఆ ఉత్తరమే. అక్కడ అక్షరము చెరిపితే అసలు అక్షరమే పోతుంది. కర్మాగారపు తెరమీది కవాటము మాత్రము కవాటము కాదు. ఎక్కడో గొట్టము మీద ఉన్న కవాటమును గురించిన కబురు. ఆ కబురు పంపేది, పంపులను నిజముగా నడిపేది పి.ఎల్.సి. వంటి వేరొక నియంత్రణ యంత్రము. తెర ఆరిపోయినా అది తన పని చేస్తూనే ఉంటుంది. కబురు తప్పయితే తెర ఎంత అందముగా ఉన్నా తప్పే చెబుతుంది.

బ్రిటనులోని వేల్సులో, మిల్ఫర్డ్ హేవెన్ వద్ద టెక్సకో చమురు శుద్ధి కర్మాగారములో 1994 జూలై 24న జరిగినది ఇదే. ఉదయము పిడుగు పడి నిప్పంటుకున్నది. ఆ గందరగోళములో ఒక పాత్రనుండి ద్రవము బయటకు పోయే కవాటము మూసుకొని ఉండిపోయినది. తెర మాత్రము తెరిచి ఉన్నదని చూపినది. ద్రవము లోపలికి వస్తూనే ఉన్నది, బయటకు పోవటము లేదు. రెండు అంకెలూ పక్కపక్కన ఉంటే, తొట్టిలో నీళ్ల లెక్క చేసిన పిల్లవాడైనా తప్పు పట్టగలడు. కాని ప్రక్రియ మొత్తమును ఒకచోట చూపే తెర అక్కడ లేదు.

హెచ్చరికలకు మాత్రము కొదవ లేదు. అమర్చిన 2,040 హెచ్చరికలలో నూటికి 87 అతిముఖ్యమైనవట! తరగతిలో అందరికీ మొదటి స్థానమే ఇస్తే మొదటివాడెవడో ఎట్లా తెలిసేది? చివరి 11 నిమిషాలలో ఇద్దరు ఆపరేటర్లకు 275 హెచ్చరికలు వచ్చినవి. చదవటానికే వ్యవధి లేదు. బయటపడిన సుమారు 20 టన్నుల ఇంధనము ప్రేలినది. 26 మందికి గాయాలైనవి, ఎవరూ చనిపోలేదు.

ఆపరేటర్ల అజాగ్రత్త అని తీసివేయటము సులభమే గాని న్యాయము కాదు. దోషములో కొంత మామూలు కంప్యూటరునుండి వచ్చిన సౌకర్యానిది. వెనుకటి ఇనుప బల్లలపై ఒక్క హెచ్చరిక దీపము పెట్టవలెనన్నా తీగ లాగాలి, రంధ్రము తొలవాలి, చోటు వెతకాలి. కనుక ఇంజనీరు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు. కంప్యూటరులో నాలుగు మాటలు టైపు చేస్తే చాలును. ఖర్చు లేదు, ఆలోచనా లేదు.

రంగుల సంగతీ అంతే. తిరిగే పంపుల బొమ్మలు, మెరిసే గొట్టాలు అమ్మకానికి పనికివస్తవి, ఆపరేటరుకు కాదు. ఈ విద్య తెలిసినవారు నేడు తెరనంతా బూడిదరంగులో ఉంచి, తేడా వచ్చినచోట మాత్రమే ఎరుపో పసుపో వాడుతున్నారు. అట్టి తెరను చూచి "ఇంతేనా, రంగులేవీ?" అని అడిగే యజమానులు ఇంకా ఉన్నారు.