జాషువ ‘గిజిగాడు’: కవిసమయం నుంచి కంటిచూపుకు

వ్యాససంగ్రహం:

గుర్రం జాషువ ఖండికల్లో ‘గిజిగాడు’ పాఠ్యపుస్తకాల ద్వారా ఎక్కువమందికి చేరినది. దీన్ని సాధారణంగా శ్రమకు, నైపుణ్యానికి ప్రతీకగా వ్యాఖ్యానిస్తారు. ఆ ప్రతీకకు ఆధారం కవి చేసిన ప్రత్యక్ష పక్షి పరిశీలన అని, దాన్ని విస్మరిస్తే ఖండికలోని సామాజికార్థం కూడా పలచబడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గుంటూరు, ప్రకాశం మెట్టసీమల పక్షిజీవనం నేపథ్యంలో ఖండికను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జాషువ, గిజిగాడు, ఖండకావ్యం, కవిసమయం, పక్షి పరిశీలన, పల్నాడు.

1. ప్రవేశిక:

తెలుగు కావ్యాల్లో పక్షులకు కొదవ లేదు. హంస పాలను నీటిని వేరుచేస్తుంది. చకోరం వెన్నెల తాగుతుంది. చాతకం వానచినుకు కోసం నోరు తెరచి నిలుస్తుంది. చక్రవాకాల జంట రాత్రివేళ విడిపోతుంది. ఇవన్నీ కవిసమయాలు. వీటిని వర్ణించడానికి కవి ఆ పక్షిని చూసి ఉండనక్కరలేదు, పూర్వకావ్యాలు చదివి ఉంటే చాలు. పాఠకుడికీ అంతే.

గిజిగాడు ఈ వరుసలో లేదు. దానికి శాస్త్రం విధించిన కావ్యధర్మం ఏదీ లేదు. తాటిమట్టకో, బావిమీదికి వంగిన తుమ్మకొమ్మకో వేలాడే గూటిని చూసినవాడే దాని గురించి రాయగలడు. అందుచేత జాషువ దీన్ని కావ్యవస్తువుగా స్వీకరించడంలోనే ఒక నిర్ణయం ఉంది.

తెలుగు కవులు పక్షులను కంటితో చూడటం జాషువతోనే మొదలైందనడం సరికాదు. ‘ఆముక్తమాల్యద’లో వేకువజామున మెడలు రెక్కల్లో ముడుచుకొని కాలువల్లో నిద్రించే బాతుల ఘట్టం ప్రసిద్ధం. కాపలావాళ్లు వాటిని బ్రాహ్మణులు స్నానంచేసి మరచిపోయిన తడిబట్టలని భ్రమించి, తీసి ఇవ్వబోతారు. బాతులు లేచిపోతాయి. బాతు నిద్రించే తీరును గమనించని కవికి ఆ భ్రాంతి తోచదు. అయితే అక్కడ పక్షి విల్లిపుత్తూరు వర్ణనలో ఒక అంశం మాత్రమే. జాషువ ఖండికలో పక్షి సంబోధ్యస్థానానికి వచ్చింది. కవి దాన్ని ఎదుట నిలిపి నేరుగా మాట్లాడతాడు. పరిశీలన ప్రాచీనమే, పరిశీలితానికి దక్కిన స్థానం కొత్తది.

2. కవి, ప్రాంతం:

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించాడు. అది నాటి కృష్ణా మండలం, నేటి పల్నాడు జిల్లా. నాగార్జునసాగర్ కాలువల నీరు 1967లో విడుదలయ్యేవరకు ఆ ప్రాంతం ప్రధానంగా వానమీద ఆధారపడిన మెట్టసీమ. జొన్న, సజ్జ వంటి పైర్లు, గట్లమీద తాళ్లు, ఈతలు, నల్లతుమ్మలు, పొలాల్లో బావులు అక్కడి దృశ్యం. గిజిగాడికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి: తినడానికి గింజ, నేయడానికి పొడవైన ఆకు, వేలాడదీయడానికి శత్రువుకు అందని కొమ్మ.

రైతుకు ఈ పిట్ట ఆప్తమిత్రమేమీ కాదు. గింజ పాలుపోసుకొనే వేళ గుంపుగా చేలమీద వాలుతుంది. మంచెమీద నిలిచి వడిసెల తిప్పి తోలవలసిన పిట్టల్లో ఇదీ ఒకటి. చేనికాపరి దృష్టిలో దొంగ అయిన పక్షిని కవి గృహనిర్మాతగా చూపాడు. ఖండికను చదివేటప్పుడు ఈ వైరుధ్యాన్ని గుర్తుంచుకోవాలి.

3. ఖండికలోని పరిశీలన:

కవి ప్రశంసలో ప్రధానాంశాలు ఇవి: పక్షి బరువులేని గడ్డిపరకలు తెస్తుంది; వాటితో ఊగే ఇల్లు కడుతుంది; అటువంటిది మానవులెవరికీ సాధ్యం కాదు; ఆ ఇంట్లో గవాక్షాలు, పడకలు, అంతఃపురాలు ఉన్నాయి; అందుచేత అది పక్షులకు రాజు. వీటిని పక్షి జీవనంతో పోల్చి చూడాలి.

గిజిగాడు ఎండుపుల్లలు పేర్చి గూడు కట్టదు. వరి, గడ్డి, తాటి ఆకుల అంచును ముక్కుతో గాటుపెట్టి, సన్నని పచ్చి పేలికగా చీల్చుకొని వస్తుంది. ముక్కు, కాళ్లు తప్ప మరో పనిముట్టు లేదు. ఒక గూటికి ఐదువందలసార్ల వరకు తిరుగుతుందని పరిశీలకులు గుర్తించారు. గూడు పూర్తికావడానికి సుమారు 18 రోజులు పడుతుంది. ఈ వివరాలు తెలిసినప్పుడు గడ్డిపరక తేలికదనం గురించిన కవి మాట కేవల విశేషణంగా మిగలదు. బరువులేని వస్తువుతో గాలివానకు నిలిచే కట్టడం ఎలా సాధ్యమనే ఆశ్చర్యం ఆ మాటలో ఉంది.

గవాక్షాల సంగతి వేరు. పూర్తయిన గూటికి కిటికీలు ఉండవు. కిందికి దిగే పొడవైన గొట్టమే దారి. కవి పొరబడ్డాడని ఇక్కడ తేల్చివేయవచ్చు. కానీ సగం అల్లిన గూడు శిరస్త్రాణంలా ఉంటుంది. అడ్డంగా ఒక పట్టీ, దానికి ఇటూ అటూ తెరపి. ఒకవైపు గుడ్లగదిగా మూసుకొంటుంది, మరోవైపు ప్రవేశమార్గంగా సాగుతుంది. నిర్మాణదశలో చూసినవారికి ఆ తెరపులు గవాక్షాలుగా తోచడం సహజం. కవి ఉద్దేశం ఇదేనని నిరూపించలేం. అయితే ఆ గదుల విభజన పూర్తిగా కల్పితం కాదని చెప్పవచ్చు. గుడ్లగది, గొట్టం రెండూ నిజంగా వేర్వేరు భాగాలు.

అంతఃపుర ప్రస్తావన మరింత ఆలోచింపజేస్తుంది. సాలిం అలీ 1930లో బొంబాయి సమీపంలోని కిహీంలో గిజిగాళ్ల గూళ్లను గమనించి, 1931లో తన పరిశీలనలు ప్రకటించాడు. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లి, రెక్కలాడిస్తూ ఆడపక్షులను పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి గూటిని పరీక్షించి, నచ్చితేనే స్వీకరిస్తుంది. ఆ తరువాత మగపక్షి మరో గూడు మొదలుపెట్టి మరో జంటను వెదుక్కొంటుంది. బహుభార్యాత్వం ఉన్నందున అంతఃపురమనే మాట అనుకోకుండానే పొసగింది. కానీ రాజాంతఃపురంలో ఎంపిక రాజుది. ఇక్కడ ఎంపిక ఆడపక్షిది. రాచరికపు ఉపమానం పక్షి విషయంలో ఎక్కడ ఆగిపోతుందో ఇక్కడ తెలుస్తుంది. ఖండికను పొగిడే వ్యాఖ్యానాలు ఈ పరిమితిని కూడా గుర్తించాలి.

మరొక సంగతి. ‘గిజిగాడు’ అనే తెలుగు పేరులోని ‘గాడు’ పుంవాచకం. ‘పసులపోలిగాడు’ వంటి పక్షినామాల్లోనూ ఇది ఉంది కనుక దీన్ని బట్టి సిద్ధాంతం చేయకూడదు. అయినా నేతపని మగపక్షిదే కావడం వల్ల ఆ పిలుపు ఖండికలో సార్థకమైంది. వానకాలంలో తల, రొమ్ము పసుపుపచ్చగా మారినప్పుడే మగపక్షి స్పష్టంగా గుర్తుకొస్తుంది. మిగతా కాలంలో అది ఆడపిచ్చుకలా కనిపిస్తుంది. అందువల్ల కవి రుతువును పేర్కొనకపోయినా, అల్లిక సాగుతున్నదంటే అది వానకాలపు దృశ్యమే.

4. పట్టాభిషేకం ఎవరికి?

పురాణాల్లో పక్షిరాజు గరుత్మంతుడు. విష్ణువాహనం కావడం, అమృతాన్ని సాధించిన పరాక్రమం ఆ పదవికి ఆధారాలు. జాషువ ఆ బిరుదును తీసి గుప్పెడంత పిట్టకు ఇచ్చాడు. వంశం, వాహనస్థానం, యుద్ధం ఏవీ దానికి లేవు. ఉన్నది పనితనం ఒక్కటే. రాచరికపు పదజాలాన్ని వదలకుండానే రాజత్వానికి ప్రమాణాన్ని మార్చడం ఈ ఖండికలోని ప్రధాన చర్య.

‘నీడజ’ శబ్దంతో కవి చేసిన పనీ ఇటువంటిదే. గూటిలో పుట్టినదనే అర్థంలో అది ఏ పక్షికైనా వర్తించే పర్యాయపదం. వాడుకలో గూటి స్ఫురణ అరిగిపోయింది. గూడే కీర్తికి కారణమైన పక్షిని ఆ మాటతో పిలవడంతో అరిగిన వ్యుత్పత్త్యర్థం మళ్లీ మేల్కొన్నది. పుట్టుకను సూచించే పదం ఇక్కడ నిర్మాణాన్ని గుర్తుచేస్తుంది.

పుట్టుక కారణంగా అవమానాలు పొందిన కవి రాసిన ఖండిక ఇది. ఆ అనుభవాలను ఆయన ‘నా కథ’లో చెప్పుకొన్నాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో ఈ దృష్టి బహిరంగమైంది. పక్షిగానూ జంతువుగానూ లోకం లెక్కకట్టని, అపశకునంగా భావించే ప్రాణి అక్కడ సందేశవాహకం. హంసకో మేఘానికో దక్కే పని దానికి దక్కింది. అందుకు కారణం కూడా పరిశీలనే: గబ్బిలం గుడి కప్పుకు వేలాడుతుంది, గుడిలోకి రానివ్వని మనిషి మాటను అది దేవుడికి చేర్చగలదు. వేలాడే ప్రాణి, వేలాడే గూడు రెండింటినీ కవి ఉన్నచోటనే చూశాడు. రెంటిలోనూ లోకం తక్కువగా చూసినదానికే గౌరవం దక్కింది. ‘సాలీడు’ ఖండికను కూడా చేర్చుకొంటే, నేసే ప్రాణులపట్ల ఆయనకున్న శ్రద్ధ యాదృచ్ఛికం కాదని తెలుస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ప్రతీకార్థం స్పష్టంగా ఉన్నప్పుడు పక్షిశాస్త్రం ఎందుకు? సమాధానం ఖండిక తర్కంలోనే ఉంది. గౌరవానికి పనితనమే ప్రమాణమని కవి వాదం. ఆ పని ఏమిటో తెలియని పాఠకుడు గిజిగాడి రాజత్వాన్ని కూడా మరో కవిసమయంగానే స్వీకరిస్తాడు. అంటే కవి వదిలిపెట్టిన చోటికే అతన్ని తిరిగి చేర్చినట్లవుతుంది.

5. నేటి పఠనం:

నిఘంటువులు పక్షినామాలకు తరచు ‘పక్షివిశేషము’ అని అర్థమిచ్చి ఊరుకొంటాయి. అదే అర్థం పాఠ్యపుస్తకాల పదపట్టికలోకి వస్తే విద్యార్థికి మిగిలేది ఏమీ లేదు. ఒకప్పుడు ఆ లోటును ఊరే పూరించేది. బడికి వెళ్లే దారిలో గూడు కనిపించేది. రాలిపడిన పాతగూటిని చేతిలోకి తీసుకొని అల్లికను చూసినవారికి టిప్పణి అక్కరలేదు.

గుంటూరు, ప్రకాశం మెట్టల్లో నేటి ప్రధాన వాణిజ్యపంటలు పత్తి, మిరప. గింజపైరు స్థానంలో ఇవి వచ్చినచోట పిట్టకు మేత తగ్గుతుంది. పత్తి ఆకును పేలికగా చీల్చి గూడు అల్లడం కుదరదు. గూటిపిల్లలకు పెట్టవలసిన పురుగుల మీద మందు పడుతుంది. కాయతొలుచు పురుగును తినే పక్షుల కోసం పత్తిచేలల్లో పక్షిస్థావరాలు నిలపాలని వ్యవసాయశాఖ సిఫారసు చేయడం గమనార్హం. పసులపోలిగాడు, గోరింక వాలడానికి ఆ కర్ర సరిపోతుంది. గిజిగాడికి చెట్టు, గడ్డి, గింజ మూడూ కావాలి.

గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులను, కొంగలను చూడటానికి సందర్శకులు వెళ్తారు. ఆ ఊరివారు వాటిని కాపాడుతున్న తీరు ప్రశంసనీయం. పొలంగట్టు పక్షికి అటువంటి ప్రత్యేకస్థలం లేదు. దాన్ని గుర్తుపట్టే కళ్లే దానికి రక్షణ.

6. ముగింపు:

‘గిజిగాడు’ ఖండికలో పరిశీలన, సామాజికార్థం రెండు పొరలు కావు. మొదటిదే రెండోదానికి ప్రమాణం. కవి కొన్నిచోట్ల పక్షికి మానవగృహాన్ని ఆరోపించాడు. ఆ ఆరోపణకు పరిమితులున్నాయి. అయినా గూటి అల్లిక, ఊగే తీరు, గదుల అమరిక చూసినవాడి మాటలుగానే నిలుస్తాయి. ఈ ఖండికను బోధించే అధ్యాపకులు వానకాలంలో విద్యార్థులను దగ్గరి తాటిచెట్టు వద్దకు తీసుకువెళ్లడం పాఠానికి అదనపు కార్యక్రమం కాదు, పాఠంలో భాగమే. అక్కడ గూడు కనిపిస్తే పద్యానికి అర్థం తెలుస్తుంది. కనిపించకపోతే, మానవులెవరికీ సాధ్యం కాదని జాషువ చెప్పిన ఇంటిని మానవులు ఏమి చేశారో తెలుస్తుంది.