డిస్‌ప్లే రాలేదంటే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, ఇంటికి తెచ్చి, కంప్యూటర్‌ను సొంతంగా బిగించుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఈ అలవాటుకు మూలం 1981 నాటి ఐబీఎం పీసీ. అందులో అయిదు స్లాట్లు ఉండేవి. దాని సర్క్యూట్ వివరాలను కూడా ఐబీఎం పుస్తకంగా అచ్చువేసింది. దాంతో ఎవరు తయారుచేసిన కార్డునైనా తెచ్చి అందులో గుచ్చుకునే వీలు కలిగింది. అయితే గుచ్చిన కార్డు పనిచేయకపోతే కారణం వెతకాల్సిందీ మనమే. ఆ వెతుకులాట చక్కటి విద్యగా ఎదిగింది.

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టి పవర్ నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. ఇలాంటప్పుడు అనుభవజ్ఞులు ఒకసారికి ఒక్క మార్పే చేస్తారు. పైసా ఖర్చులేని అనుమానంతో మొదలుపెట్టి, ఖరీదైన దాన్ని చివరికి ఉంచుతారు. కంగారులో కేబుల్, ర్యామ్, స్లాటు మూడూ ఒకేసారి మారిస్తే డిస్‌ప్లే రావచ్చు గానీ, తప్పు ఎక్కడుందో తెలియదు.

మొదట చూడాల్సింది మానిటర్ కేబుల్. అది మదర్‌బోర్డు పోర్టులోనే ఉండిపోయిందేమో! కార్డు పెట్టాక కేబుల్‌ను కార్డు పోర్టుకే తగిలించాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు పోర్టు నుంచి ఎన్నడూ బొమ్మ రాదు.

తర్వాత కార్డు సరిగ్గా కూర్చుందా లేదా చూడాలి. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి, కార్డు తీసి మళ్లీ గుచ్చాలి. స్లాటు చివరి లాచ్ టక్కుమనాలి. క్యాబినెట్ కొంచెం వంకరగా ఉంటే, స్క్రూ బిగించేటప్పుడు కార్డు రెండో కొస పైకి లేస్తుంది. చూపుకు దొరకని తప్పు ఇది. పాత కార్డు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచే అలవాటు మనవాళ్లలో ఉంది. దుమ్ము పట్టిన కార్డుకైతే మెల్లగా చేయవచ్చు. కొత్తదానికి మాత్రం వద్దనే అంటాను, ఆ బంగారు పూత చాలా పల్చన.

అసలు చిక్కులు కరెంటు దగ్గరే ఎక్కువ. స్లాటు నుంచి కార్డుకు అందేది 75 వాట్లు. ఆరు పిన్నుల కేబుల్ ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తాయి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్ చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ, దానిలో 12 వోల్టులు, గ్రౌండు తారుమారుగా ఉంటాయి. గుచ్చుకోనంటే బలవంతపెట్టకూడదు. వేరే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) తాలూకు కేబుల్‌ను తెచ్చి వాడటం ఇంకా ప్రమాదం, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక ఒక్కో కంపెనీది ఒక్కో రకం. 600 వాట్ల దాకా మోసే పదహారు పిన్నుల కనెక్టర్లు 2022లో కొన్ని ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల్లో కరిగిపోయాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్లకపోవడం ఒక ముఖ్య కారణంగా తేలింది. తర్వాతి రకంలో సంకేతాలిచ్చే పిన్నులను పొట్టి చేశారు. ప్లగ్గు సగమే దిగితే అవి తగలవు, కార్డు పనిచేయదు.

మన ఇళ్లలో ఈ కరెంటు చిక్కులకు యూపీఎస్ కూడా తోడవుతుంది. 600 వీఏ అని రాసి ఉన్న పెట్టె సాధారణంగా 360 వాట్లే మోయగలదు. డెస్క్‌టాప్ మీద ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు, ఆట మొదలైన కాసేపటికి సిస్టమ్ ఒక్కసారిగా ఆగిపోతుంది. నింద కార్డు మీద పడుతుంది. యూపీఎస్ పక్కనపెట్టి నేరుగా గోడ ప్లగ్గుకు కలిపి చూస్తే నిజం బయటపడుతుంది. క్యాబినెట్ తాకితే చిన్నగా షాక్ కొడుతోందా? సాకెట్‌లో ఎర్తింగ్ లేదని అనుమానించి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. వీజీఏ లైటు ఆరకుండా వెలుగుతోందంటే కార్డు పోయినట్టేనని అనుకోనక్కర్లేదు. యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరం బయోస్ తెలియని పాత కార్డుకు, బయోస్‌లో పాత పద్ధతికి వీలిచ్చే సీఎస్‌ఎం ఆఫ్‌లో ఉన్నా డిస్‌ప్లే రాదు. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని కాసేపు తీసిపెడితే చాలా బోర్డుల్లో బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. బొమ్మ వచ్చి, విండోస్‌లో మెరుపులు, గీతలు పడుతుంటే పాత కార్డు డ్రైవర్ల అవశేషాలు కారణం కావచ్చు. సేఫ్ మోడ్‌లో డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) నడిపి వాటిని తుడిచేసి, కొత్త డ్రైవర్ వేసుకోవాలి.

ఇవన్నీ అయ్యాకే కార్డును స్నేహితుడి సిస్టమ్‌లో పెట్టి చూడాలి. అక్కడ నడిస్తే తప్పు మన బోర్డుదో ఎస్‌ఎంపీఎస్‌దో. అక్కడా నడవకపోతే వారంటీకి వెళ్లాలి. ఈ వరస తెలియక ఎంతమంది బంగారంలాంటి కార్డులను పోయాయనుకుని పక్కన పడేస్తున్నారో తలచుకుంటే బాధేస్తుంది. కూలర్ స్క్రూలు, సీరియల్ నంబరు స్టిక్కరు ముట్టుకోకుండా, ఏ కేబుల్‌తో, ఏ స్లాటులో, ఏ సిస్టమ్‌లో పరీక్షించామో ఒక కాగితం మీద రాసి కార్డుతోపాటు ఇస్తే, కౌంటర్ దగ్గర మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.