మహావీరాచార్యుడి కంఠహారం

తొమ్మిదో శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చరిత్రకి ఈ రెండు మాటలు చాలు. ఆ పుస్తకం విలువంతా లెక్కల కూర్పులో ఉంది. గుణకారం నేర్పుతూ ఆచార్యుడు 27994681ని 441తో గుణించమంటాడు. జవాబు 12345654321. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్ళీ ఒకటికి దిగే అంకెలు! ఇలాంటి లబ్ధాలను ఆయన కంఠహారాలతో పోల్చాడు. ఈ సంఖ్య 111111కి వర్గం. 111111ని దానితోనే గుణిస్తే ఆరు వరుసలు ఒక్కో స్థానం ఎడమకి జరుగుతూ పడతాయి. నిలువుగా కూడితే నడుమ గడిలో ఆరు, అటూ ఇటూ ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. ఏ గడిలోనూ మొత్తం పదికి చేరదు, చేతిలో అంకె మిగలదు, అందుకే వరుస చెదరదు. తొమ్మిది ఒకట్ల దాకా ఇదే నడక. పది ఒకట్ల వర్గం 1234567900987654321. అక్కడ హారం తెగిపోయింది. 111111ని 111111తో గుణించమని ఉంటే గుట్టు ఎవరికైనా తెలిసిపోయేది. 111111లోని ప్రధాన కారణాంకాలు 3, 7, 11, 13, 37. మొదటి రెండింటి లబ్ధానికి వర్గం 441. మిగతా మూడింటి లబ్ధం 5291, దాని వర్గం 27994681. ఆ రెండు సంఖ్యల్ని ఎంత తేరిపార చూసినా హారం జాడ కనిపించదు. ఎంత గొప్ప పనితనం!

ఇదంతా పదుల లెక్కలో పడిన కాకతాళీయమే, అసలు గణితం కాదని కొట్టిపారేసేవాళ్ళున్నారు. అది తప్పు. ఎనిమిది ఆధారంగా అంకెలు రాసుకున్నా 111111 వర్గం 12345654321 అనే కనిపిస్తుంది. ఆధారం ఆరు కన్నా పెద్దదైతే చాలు, హారం నిలుస్తుంది. కారణాంకాలు మారతాయి, నిజమే, కానీ కూర్పు మారదు. దేవలాలీ బడిపంతులు కాప్రేకర్ ఇరవయ్యో శతాబ్దిలో ఈ జాతి సంఖ్యలకే డెమ్లో సంఖ్యలని పేరు పెట్టి పరిశీలించాడు. కాలిక్యులేటర్ ఉండగా ఇదెందుకని ఇంకో ప్రశ్న. కాలిక్యులేటర్ లబ్ధం చెబుతుంది. ఎక్కడ విడగొడితే గుట్టు దాగుతుందో వెతకాలన్న ఆలోచన మనిషికే రావాలి.

నాకు కోపం తెప్పించేది నకిలీ సరుకు. ప్రాచీన గణితమన్న పేరు తగిలించి, కారణం ఒక్క ముక్క చెప్పకుండా పిల్లల చేత చిట్కాలు వల్లె వేయిస్తున్నారు. ఫోన్లలో తిరిగే అంకెల అద్భుతాల కింద ‘ఎందుకు’ అన్న మాటే ఉండదు. మహావీరుడి పేరూ, మల్లన పేరూ అసలే ఉండవు. తెలుగులో వెయ్యేళ్ళ గణిత పద్యాలు పెట్టుకుని ఈ దరిద్రం మనకెందుకు? లెక్కల మాస్టార్లకి నా విన్నపం ఒక్కటే. 12345654321ని బోర్డు మీద రాసి, ఉమ్మడి కారణాంకం లేని రెండు వర్గాల లబ్ధంగా విడగొట్టమని పిల్లల్ని అడగండి. ఒకటిని వదిలేస్తే అలాంటి జతలు పదిహేను. మహావీరుడు చూపింది వాటిలో ఒకటి. మిగతా పద్నాలుగూ పిల్లల చేతే రాబట్టండి.