తరగతి గదిలో కేతిగాడు

తోలుబొమ్మలాటలో రాముడు ఎంత గంభీరంగా పద్యం ఎత్తుకున్నా, కాసేపటికి నవ్వించే బొమ్మలు కేతిగాడో బంగారక్కో తెర మీదికి దూరక తప్పదు. వాళ్లు పోట్లాడుకుంటారు, ఊరి సంగతులు లాగుతారు, తెలిసీ తెలియని మాటలు మాట్లాడతారు. కునికిపాట్లు పడుతున్న వాళ్లంతా లేచి కూర్చుంటారు. జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టిన కళాకారుల ఉపాయం ఇది. బడిలో బొమ్మను వాడాలనుకునే టీచరు మొదట నేర్చుకోవాల్సింది కూడా ఇదేనని నా నమ్మకం.

చాలాచోట్ల జరిగేది వేరు. బొమ్మ చేతికి రాగానే దానిచేత నీతులు చెప్పిస్తారు. రోజూ టీచరు నోట వినే మాటే బొమ్మ నోట వింటే పిల్లలకు కొత్తగా ఒరిగేదేముంది? కేతిగాడికి ఏమీ తెలియకూడదు. "ఎనిమిది పెద్దది కదా, నాకు రొట్టెలో ఎనిమిదో వంతే కావాలి, నాలుగో వంతు వద్దు" అని మొండికేయాలి. అప్పుడు వెనక బెంచీ వాళ్లు కూడా "కాదు, కాదు" అంటూ లేస్తారు. టీచరును దిద్దడానికి జంకే పిల్లలు బొమ్మను దిద్దడానికి ఎగబడతారు. ఎందుకు కాదో వాడికి అర్థమయ్యేలా చెప్పమంటే కాగితం మడిచి, ముక్కలు చేసి చూపిస్తారు. భిన్నాల పాఠం అక్కడ పిల్లలే చెబుతున్నారన్నమాట.

ఇక బొమ్మ తయారీ దగ్గరే సగం చదువుంది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ పని ఇంకా సాగుతోంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, వెలుతురు దూరేంత పలచగా చేసి ఆరబెడతారు. నగలూ చీర అంచులూ ఉన్నచోట ఉలితో సన్నటి చిల్లులు కొడతారు. దీపం వెలిగినప్పుడు ఆ చిల్లులే ముత్యాల్లా మెరుస్తాయి. చేతుల ముక్కలను విడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడిపోతుంది.

బడిలో తోలు అక్కర్లేదు. పాత అట్టలు, చీపురు పుల్లలు, కొంత దారం, తెరకు ఒక తెల్ల పంచె, వెనక ఒక టార్చి చాలు. అట్టకు కిటికీలా కోసి వెలుతురు దూరే రంగు కాగితం అంటిస్తే నీడకు రంగు వస్తుంది. అట్ట నల్లటి నీడ ఎందుకిచ్చింది, కాగితం ఎర్రటిది ఎందుకిచ్చింది అని పిల్లలే అడుగుతారు. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీత తేటగా పడుతుంది. టార్చి వైపు జరిపితే హనుమంతుడు పెరిగిపోతాడు, అంచులు మసకబారతాయి. వెలుగు నీడల పాఠాన్ని ఇంతకన్నా బాగా చెప్పే పరికరం బళ్లో ఇంకోటి ఉంటుందని నేననుకోను.

ఆటలో ఒక నియమముంది. మాట్లాడే బొమ్మే కదలాలి, తక్కినవి నిలకడగా ఉండాలి. లేకపోతే ఎవరు మాట్లాడుతున్నారో చూసేవాళ్లకు తెలియదు. అయిదుగురు పిల్లలు తెర వెనక ఈ నియమం పాటించారంటే, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం వాళ్లకు వచ్చేసినట్టే.

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది తెర ఇచ్చే మరుగు. పేరు పిలిస్తే తల దించుకునే పిల్ల, తన ముఖం ఎవరికీ కనబడదని తెలిసినప్పుడు శూర్పణఖై గొంతెత్తుతుంది. ఇంట్లో లంబాడీయో గోండీయో మాట్లాడే పిల్లలకు ఈ మరుగు మరీ అవసరం. బొమ్మ ఇంటి భాషలో మొదలుపెట్టి తెలుగులోకి వస్తే నవ్వేవాళ్లుండరు. తప్పు పలికినా పలికింది బొమ్మే కదా!

ఢిల్లీలో 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం టీచర్లకు బొమ్మలాటలో తరగతులు నడుపుతోంది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులోనే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా కళలతో కలిపి పాఠం చెప్పమంటోంది. టీచరు శిక్షణతో పాటు కళాకారుడూ బడికి రావాలి. ఏడాదికొక ప్రదర్శన పెట్టించి శాలువా కప్పి పంపడం కాదు, వారం రోజులు పిల్లల మధ్య కూర్చోబెట్టి, అతిథి ఉపాధ్యాయుడికి ఇచ్చినట్టే జీతం లెక్కగట్టి ఇవ్వాలి. ఉలి ఎంత ఏటవాలుగా పట్టాలో, ముడి ఎంత వదులుగా వెయ్యాలో ఆయన చేతిని చూస్తూ నేర్చుకోవాల్సిందే.