పెట్టెలో తంబూరా

స్విచ్ వేయగానే ప, స, స, స. తీగ లేదు, సొరకాయ బుర్ర లేదు. అరచేతికి కాస్త పెద్దదైన పెట్టె, మూడు మరలు. సింధనూరు దగ్గర మా క్యాంపు భజనకు ఈమధ్యే కొన్నాం. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చినవాళ్ల ఊళ్లే ఈ క్యాంపులు. విజయదాసు పుట్టిన చీకలపర్వి, జగన్నాథదాసు మాన్వి ఈ రాయచూరు జిల్లావే కనుక మా భజనలో రామదాసు కీర్తన పక్కనే కన్నడ దాసర పదమూ వినబడుతుంది.

నిజం తంబూరాను శ్రుతి చేయడం ఒక విద్య. బిరడాలు తిప్పాలి, పూసలు జరపాలి, గుర్రం మీద తీగ కింద నూలుపోగును వెంట్రుకవాసి కదపాలి. అప్పుడే నాదంలో ఆ ఝుంకారం పుడుతుంది. రాయచూరు ఎండకు శ్రుతి గంటలోనే మారుతుంది కూడా.

ఆ ఝుంకారాన్ని సర్క్యూట్లో పట్టాలని బెంగళూరులో పూనుకున్నవాడు జి. రాజ్ నారాయణ్. ఇంజనీరు, పైగా వేణువు వాయిస్తాడు. అదే అసలు సంగతి. చెవి లేని ఇంజనీరుకు ఇది చేతకాదు. 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా వచ్చింది.

మగవాళ్లకు ఒకటిన్నర శ్రుతి, ఆడవాళ్లకు అయిదున్నర: మర తిప్పితే చాలు. మధ్యమ శ్రుతీ ఉంది. కరెంటు పోతే బ్యాటరీ. కర్ర గుండెకు ఆనినప్పటి కంపనం మాత్రం ఇందులో లేదు. కచేరీకి నేను కర్ర తంబూరానే కోరతాను. రోజూ సాధన చేసే పిల్లలకు మాత్రం ముందు ఈ పెట్టె కొనివ్వండి.