ఆచారం పేరుతో మినహాయింపు – మేలు ఎవరికి?

మా గంగవరం దగ్గరి కాలనీలో ఒక అక్క ఉంది. భర్త బెంగళూరుకు బేల్దారి పనికి పోయి అక్కడే ఇంకొకామెను పెళ్లి చేసుకున్నాడు. ఈమె ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని పోలీస్ స్టేషన్‌కు పోయింది. "మీ వాళ్లల్లో రెండో పెళ్లి మామూలే కదమ్మా, కేసు నిలవదు" అన్నారు. కులపెద్దల దగ్గరికి పోయింది. "ఈ కాలంలో మా మాట ఎవరు వింటారు తల్లీ, స్టేషన్‌కే పో" అన్నారు. చట్టం ఆచారం వైపు చెయ్యి చూపించింది, ఆచారం చట్టం వైపు చూపించింది. ఆమె కొడుకు మా బడిలోనే చదువుతున్నాడు. వాడి ముఖం చూసినప్పుడల్లా ఈ విషయం రాయాలని అనుకుంటూ వచ్చాము.

బహుభార్యాత్వం అనగానే టీవీల్లో మతం గురించే వాదులాడుకుంటారు. ఒకరు మతస్వేచ్ఛ అంటారు, ఇంకొకరు ఒకే దేశం, ఒకే చట్టం అంటారు. ఆ వాదనలో మన ఊసే ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద 1.4 శాతం. హిందువుల్లో 1.3, ముస్లింలలో 1.9, షెడ్యూల్డ్ తెగల్లో 2.4. అంటే చట్టం కాదన్న చోట అది పూర్తిగా పోలేదు, ఔనన్న చోట అందరూ చేసుకోవడమూ లేదు. మనలో మాత్రం కొంచెం ఎక్కువే. దీన్ని దాచుకోవలసిన పని లేదు, మాట్లాడుకోవలసిన పని ఉంది.

మన చిత్తూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. హిందువుల రెండో పెళ్లిని ఆపే చట్టం అక్కడ 1949లోనే వచ్చింది. దేశమంతటికీ 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. భార్య బతికి ఉండగా మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, నేరం కూడా. పాత శిక్షాస్మృతిలో అది 494వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్. ఏడేళ్ల దాకా శిక్ష. ముస్లింలకు 1937 షరియత్ చట్టం కింద వాళ్ల మతధర్మమే వర్తిస్తుంది. మరి మనకు? 1955 చట్టం రెండో సెక్షన్‌లో ఒక్క వాక్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం వేరుగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని దాని అర్థం.

ఆ వాక్యంలో మంచి లేకపోలేదు. ఓలి ఇచ్చి చేసుకునే పెళ్లి, పెద్దల ముందు విడిపోవడం, మారుమనువు – ఇవన్నీ మనకు ముందునుంచీ ఉన్నవే. పై కులాల ఆడవాళ్లు చట్టం వచ్చాక పొందిన విడాకుల హక్కు మన అవ్వలకు ఎప్పుడో ఉంది. ఇంకొకరి పద్ధతిని మన నెత్తిన రుద్దకపోవడం న్యాయమే. అయితే ఆ వాక్యం మనకు ఏది వర్తించదో చెప్పి ఊరుకుంది. ఏది వర్తిస్తుందో చెప్పలేదు.

ఆ ఖాళీ ఎంత లోతైనదో 2001లో సుప్రీంకోర్టు తీర్పులో కనపడింది. ఒరాన్ తెగ స్త్రీ ఒకామె, సంతాల్ తెగ భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడని కోర్టుకెక్కింది. మా తెగలో ఒకరికి ఒకరే అన్నది ఆచారం అని చెప్పింది. అలా చెబితే చాలదు, రెండో పెళ్లి చెల్లదనే ఆచారం చట్టంతో సమానంగా అమలులో ఉందని రుజువు చెయ్యాలి అంది కోర్టు. ఆమె కేసు నిలవలేదు. పుస్తకాల్లో రాసి లేని ఆచారాన్ని ఒక ఒంటరి ఆడది ఏ కాగితంతో రుజువు చేస్తుంది? ఆచారం వల్ల వచ్చే లాభం మగవాడికి, రుజువు చేసే బరువు ఆడదానికి.

మైదాన ప్రాంతపు గిరిజనులకు ఇంకో చిక్కు ఉంది. వివాహ చట్టంలోని మినహాయింపు తెగను బట్టి వస్తుంది. ఎరుకల అయినా, యానాది అయినా, సుగాలి అయినా ఎక్కడ ఉన్నా అది వెంట వస్తుంది. కానీ ఆచారాన్ని నడిపించే అధికారం ప్రాంతాన్ని బట్టి వస్తుంది. 1996 పెసా చట్టం ఆచారాలను, తగవులు తీర్చుకునే పద్ధతులను కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. అది ఐదో షెడ్యూలు ప్రాంతాల్లోనే. మన రాష్ట్రంలో ఆ ప్రాంతాలు ఉత్తర కోస్తా, గోదావరి ఏజెన్సీలో ఉన్నాయి. గంగవరంలో లేవు. అంటే మనకు మినహాయింపు ఉంది, తగవు తీర్చే సభకు చట్టబలం లేదు. గొళ్లెం పీకేసి, తలుపుకు కాపలా పెట్టనట్టు అయింది.

"చట్టం వస్తే మన సంస్కృతి పోతుంది" అని మన యువకులు కొందరు అంటారు. వాళ్ల భయం ఉత్తదే అనము. కానీ అడుగుతాము: మొదటి భార్యను అడగకుండా, తప్పు కట్టకుండా, పెద్దలకు ముఖం చూపకుండా బెంగళూరులో చేసుకున్న పెళ్లి ఏ ఆచారం? కట్టుబాటును వదిలేసి వెసులుబాటును మాత్రం పట్టుకుంటే దాన్ని సంస్కృతి అనవచ్చునా? మతం విషయంలోనూ కోర్టులు ఈ తేడా చూశాయి. హిందువుగా పెళ్లి చేసుకున్నవాడు, ఆ పెళ్లి రద్దు కాకుండానే ముస్లింగా మారి మళ్లీ చేసుకుంటే అది నేరమేనని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మతం అనుమతించినా, అనుమతి లేకుండా రెండో పెళ్లి చేసుకోరాదనే ఉద్యోగ నియమం చెల్లుతుందని 2015లో చెప్పింది. అలాంటి నియమం మన రాష్ట్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలోనూ ఉంది. తోటి ఉపాధ్యాయులారా, అది మనకూ వర్తిస్తుంది.

2024లో ఉత్తరాఖండ్ చేసిన ఉమ్మడి పౌరస్మృతి కూడా షెడ్యూల్డ్ తెగలను పక్కన పెట్టింది. మనల్ని గౌరవించారని సంతోషపడేవాళ్లు ఉన్నారు. మన ఆడవాళ్లను మరిచిపోయారని మేము అనుకుంటున్నాము. పైనుంచి ఇంకొకరి చట్టం రావాలని కాదు మా మాట. మన కట్టుబాట్లను మనమే కూర్చుని రాసుకోవాలి. ఆ కూర్చున్నవాళ్లలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. భార్య ఒప్పుకోకుండా చేసుకున్న పెళ్లి మన ఆచారం కాదని ఆ కాగితంలో ఉండాలి. రేపు కోర్టులో అదే సాక్ష్యానికి పనికొస్తుంది.

అంతదాకా ఆగనక్కర లేనివీ ఉన్నాయి. 2002 రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి పెళ్లినీ రిజిస్టర్ చేయించాలి. అది రెండో పెళ్లిని ఆపదు, కానీ మొదటి పెళ్లికి రుజువు అవుతుంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద మన ఆచారంతో జరిగిన పెళ్లిని కూడా నమోదు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఇంకో పెళ్లి చేసుకుంటే తెగ ఏదైనా నేరమే. మనోవర్తికీ, 2005 గృహహింస చట్టం రక్షణకూ తెగ అడ్డం రాదు. ఈ మాటలు పదో తరగతి పిల్లలకు చెప్పడానికి ఒక్క పీరియడ్ చాలు.

ఆ అక్కకు ఈ సంగతులు మేము ఆలస్యంగా చెప్పాము. ఇప్పుడు మనోవర్తికి అర్జీ రాయిస్తున్నాము. అర్జీలో "భార్య" అని రాసే చోట ఆమె ఆగి, "రాయొచ్చా సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇంకో ఆడబిడ్డ అడగవలసిన అవసరం రాకూడదు.